ప్రయాణ బీమా జనరల్ బోగీ దాకా ఎందుకు రాలేదు

2023 అక్టోబరు 29 సాయంత్రం విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర విశాఖ-రాయగడ ప్యాసింజర్, ముందు వెళ్తున్న విశాఖ-పలాస ప్యాసింజర్‌ని వెనకనుంచి గుద్దింది. 14 మంది చనిపోయారు. ఒడిశాలోని రాయగడ వైపు తెలుగు కుటుంబాలకు విశాఖలో ఆస్పత్రి చూపించుకోవాలన్నా, పెళ్లి బట్టలు తీయాలన్నా, పరీక్ష రాయాలన్నా ఇలాంటి బళ్లే ఆధారం. ఇలాంటి ప్రమాదం జరిగినప్పుడల్లా ఒక మాట వినిపిస్తుంది: రైలు టికెట్లో బీమా ఉంటుందిగా, పది లక్షలు వస్తాయిగా అని. ఆ బళ్లలో ఎక్కినవాళ్లకు అది లేదు. ఐఆర్‌సీటీసీ సైట్‌లోనో యాప్‌లోనో రిజర్వేషన్ చేయించుకుని, సీటు కన్ఫర్మ్ అయినవాళ్లకో ఆర్‌ఏసీ వచ్చినవాళ్లకో మాత్రమే ఆ సదుపాయం. స్టేషన్ కిటికీ దగ్గర కొన్న టికెట్‌కు లేదు, జనరల్ టికెట్‌కు లేదు, రిజర్వేషనే లేని ప్యాసింజర్ బండికి అసలే లేదు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఇవాళ మనం ప్రయాణ బీమా అని పిలిచేది పుట్టిందే రైల్వే టికెట్ కిటికీ దగ్గర. అదీ మూడో తరగతి ప్రయాణికుడిని కలుపుకుని. పుట్టినచోటే దొరకకుండా పోయేంతగా అది ఏ దారిన నడిచిందో చూస్తే, ఒడిశా సరిహద్దు జిల్లాల ప్రయాణికులు ఎక్కడెక్కడ దాని బయట నిలబడిపోయారో అర్థమవుతుంది.

మొదట్లో బీమా మనిషికి కాదు, సరుకుకు. ప్రాచీన గ్రీసులో ఓడ వర్తకుడు సరుకు కోసం అప్పు తెచ్చుకునేవాడు. ఓడ క్షేమంగా తిరిగొస్తే భారీ వడ్డీతో తీర్చాలి. మునిగిపోతే తీర్చక్కర్లేదు. అంటే సముద్రం మీది భయాన్ని అప్పిచ్చినవాడు మోసేవాడు, అందుకు ధరగా వడ్డీ ఎక్కువ తీసుకునేవాడు. మన కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనూ ఇదే లెక్క కనిపిస్తుంది. నెలకు నూటికి ఒకటింపావు పణం (అప్పటి నాణెం) ధర్మవడ్డీ. మామూలు వ్యాపారానికి 5. అడవి దారుల్లో తిరిగే వర్తకులకు 10. సముద్రం మీద వెళ్లేవాళ్లకు 20. దారి ఎంత ప్రమాదమో వడ్డీ అంత. ప్రీమియం అన్న పేరు లేదు గానీ, ప్రమాదానికి రేటు కట్టే పద్ధతి మాత్రం అప్పటికే ఉంది.

కలింగ తీరానికి ఈ లెక్క పరాయిది కాదు. కార్తీక పౌర్ణమికి బరంపురం చెరువుల్లోనూ గోపాలపురం తీరంలోనూ చిన్న చిన్న పడవలు వదిలే బొయిత బందాణ, ఓడల మీద దూరదేశాలకు వెళ్లిన వర్తకుల జ్ఞాపకంగా చేసేదే. అదే రోజుల్లో తెలుగిళ్ల ఆడవాళ్లు అరటి దొప్పల్లో దీపాలు వదులుతారు. వర్తకుడి సరుకుకు భరోసాగా వడ్డీ లెక్క ఉంది, వర్తకుడికి పూజ ఉంది. ఓడ లాగిన కళాసీకి ఏముందన్నది ఏ లెక్కల్లోనూ కనిపించదు.

అదే తీరం నుంచి తర్వాతి కాలంలో కూలీలు బయలుదేరారు. పంతొమ్మిదో శతాబ్దం చివర నుంచి గంజాం, విశాఖపట్నం జిల్లాల వాళ్లు గోపాలపురం, కళింగపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి స్టీమర్లెక్కి రంగూన్‌కు పోయేవారు. అప్పటికి గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డాకే అందులో కలిసింది. ఓడ చార్జీకి, ఇంట్లో తిండి గింజలకు, కూలీలను కుదిర్చే మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేవాడు. వడ్లమిల్లులోనో రేవులోనో పనిచేసి అది తీర్చాలి. పైన చెప్పిన గ్రీకు అప్పుతో దీన్ని పోల్చి చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడ సముద్రపు భయం అప్పిచ్చినవాడిది. ఇక్కడ అది పూర్తిగా కూలీదే. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక, 1942లో లక్షలాదిమంది భారతీయులు అడవుల్లో కొండల్లో నడిచి తిరిగొచ్చారు. ఆ నడకలో పోయినవాళ్లకు ఏ కంపెనీ పూచీ లేదు.

ప్రయాణించే మనిషికే నేరుగా ధర కట్టిన తొలి ఏర్పాట్లు ఐరోపాలో వచ్చాయి, అవి చదివితే కొంచెం నవ్వొస్తుంది కూడా. మధ్యధరా సముద్రంలో ఉత్తర ఆఫ్రికా ఓడదొంగలు నావికులను పట్టుకుపోయి బానిసలుగా అమ్మేవారు. వాళ్లను విడిపించే సొమ్ము కోసం జర్మనీలోని హాంబర్గ్ రేవు 1624లో ఒక నిధి పెట్టింది. నావికులు చందా కట్టేవారు, పట్టుబడితే నిధి విడిపించేది. ఇంగ్లండులో సరిగ్గా తలకిందుల పద్ధతి నడిచింది. దూరయాత్రకు వెళ్లేవాడు తన డబ్బు ఒకరి దగ్గర ఉంచి వెళ్తాడు. బతికి తిరిగొస్తే మూడింతలో అయిదింతలో ఇస్తారు, రాకపోతే ఆ డబ్బు గోవిందా. ఇది బీమా కాదు, పందెం. బతికి రావడం మీద పందెం కాయగలిగితే, చావు మీదా కాయొచ్చు కదా? కాశారు కూడా. సంబంధం లేనివాళ్లు పేరున్న మనుషుల ప్రాణాల మీద పాలసీలు కొనడం అక్కడ వ్యసనంలా మారితే, 1774లో ఇంగ్లండు పార్లమెంటు చట్టం చేసి ఆపింది. ఎవరి ప్రాణం మీద బీమా తీసుకుంటున్నారో ఆ మనిషి పోతే తీసుకున్నవాడికి నిజంగా నష్టం ఉండాలి అన్నది ఆ చట్టం సారం. బీమా కంపెనీలు ఇప్పటికీ నామినీతో సంబంధం ఏమిటని అడగడం వెనక ఉన్న జాగ్రత్త ఆ కోవలోదే. ఆ జాగ్రత్త తప్పితే ఏమవుతుందో విమానాల కాలంలో తెలిసింది. అక్కడికి తర్వాత వద్దాం.

రైలు వచ్చాక లెక్కంతా మారింది. గుర్రబ్బండి బోల్తా పడితే నలుగురు. రైలు పట్టాలు తప్పితే ఒకేసారి పదులమంది. 1842లో పారిస్ దగ్గర వెర్సై రైలు ప్రమాదంలో తలుపులు బయటనుంచి తాళం వేసి ఉండటంతో జనం పెట్టెల్లోనే కాలిపోయారు. జనంలో భయం పట్టుకుంది. కానీ రైలెక్కక తప్పదు. ఆ రెండింటి మధ్య ఒక వ్యాపారం ఉందని గుర్తించింది రైల్వే ప్యాసెంజర్స్ అష్యూరెన్స్ కంపెనీ. 1849లో లండన్ నుంచి పని మొదలుపెట్టింది. ప్రమాద బీమా అనేదాన్నే మొదటగా వ్యాపారంగా నడిపిన కంపెనీ ఇది.

దీని తెలివంతా పాలసీ రాతలో లేదు, అమ్మిన చోటులో ఉంది. ప్రయాణికుడు ఆఫీసుకు వచ్చి దరఖాస్తు నింపక్కర్లేదు, డాక్టరు పరీక్ష లేదు. స్టేషన్లో టికెట్ ఇచ్చే గుమాస్తానే, టికెట్‌తోపాటు బీమా చీటీ కూడా చింపి ఇస్తాడు, అతనికి కమిషన్. మొదటి తరగతి వాడికి మూడు పెన్నీలకు వెయ్యి పౌండ్లు, రెండో తరగతికి రెండు పెన్నీలకు 500, మూడో తరగతికి ఒక పెన్నీకి 200. ప్రాణానికి తరగతిని బట్టి ధర కట్టారని ఇవాళ కోపం రావచ్చు. కానీ గమనించాల్సింది ఇంకొకటి ఉంది. మూడో తరగతి పెట్టెలో చెక్కబల్ల మీద కూర్చునే కూలీ చెయ్యి చాపితే అందే చోట, అతని జేబులో ఉండే ధరకు దాన్ని పెట్టారు. టికెట్ కొనే ఆ అర నిమిషంలోనే మనిషి ప్రమాదం గురించి ఆలోచిస్తాడు. రైలు దిగాక ఎవరూ బీమా కొనరు.

ఈ పద్ధతిని చూసే అమెరికాలో జేమ్స్ బ్యాటర్సన్ అనే రాళ్ల వ్యాపారి హార్ట్‌ఫర్డ్ నగరంలో ట్రావెలర్స్ కంపెనీ పెట్టాడు. 1864లో ఒక బ్యాంకరు, పోస్టాఫీసు నుంచి ఇంటికి నడిచి వెళ్లే ఆ కాసేపటికి తనకు బీమా ఇస్తావా అని ఆటపట్టించాడని, బ్యాటర్సన్ రెండు సెంట్లు తీసుకుని ఇచ్చాడని ఆ కంపెనీ తన పుట్టుక కథగా చెప్పుకుంటుంది.

విమానాలొచ్చాక కిటికీ స్థానంలో యంత్రం వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా విమానాశ్రయాల్లో నాణెం వేస్తే పాలసీ ఇచ్చే యంత్రాలు పెట్టారు. ఎవరికి, ఎందుకు అని అడిగే మనిషి లేడు. 1949 సెప్టెంబరు 9న కెనడాలో ఆల్బర్ట్ గే అనేవాడు భార్య పేరున ఆ రోజే పదివేల డాలర్ల బీమా తీసుకుని, ఆమె ఎక్కిన విమానంలో బాంబు పెట్టించాడు. 23 మంది పోయారు. 1955 నవంబరు 1న డెన్వర్‌లో జాక్ గ్రాహం విమానాశ్రయ యంత్రంలో తల్లి పేరున 37,500 డాలర్లకు పాలసీ తీసుకున్నాడు. ఆమె పెట్టెలో డైనమైట్ పెట్టాడు. 44 మంది చనిపోయారు. పాలసీ మీద తల్లి సంతకం లేదు కాబట్టి అది ఎలాగూ చెల్లేది కాదు. అతన్ని 1957లో గ్యాస్ చాంబర్‌లో చంపారు.

మన దేశంలో సాధారణ బీమా 1850లో కలకత్తాలో ట్రైటన్ కంపెనీతో మొదలైంది. మొదటి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న నడిచింది. రెండూ దాదాపు ఒకే వయసువి. అయినా ఇంగ్లండులోలా టికెట్‌తో బీమాను జోడించే పని ఇక్కడ దేశమంతటా ఆన్‌లైన్ టికెట్లకైనా జరగడానికి 2016 దాకా ఆగాల్సి వచ్చింది. మధ్యలో 107 బీమా సంస్థలను కలిపి, 1973 జనవరి 1 నుంచి నాలుగు ప్రభుత్వ కంపెనీలుగా చేశారు; 2000 నుంచి మళ్లీ ప్రైవేటుకు తలుపు తెరిచారు. ఈ చరిత్ర అంతా బీమా ఆఫీసు ఉన్న పట్టణాల చరిత్ర. ఓడలకు, గోదాములకు, మోటార్లకు పాలసీలు వచ్చాయి. కోరాపుట్ నుంచి బయలుదేరే కూలీకి ఎవరూ ఏమీ అమ్మలేదు, ఎందుకంటే అతని దగ్గరికి వెళ్లి అమ్మితే ఖర్చు ప్రీమియం కన్నా ఎక్కువ.

2016 సెప్టెంబరు 1న ఐఆర్‌సీటీసీ ఆ చిక్కును ఒక్క టిక్కు గుర్తుతో తీర్చింది. టికెట్ బుక్ చేసేటప్పుడు ఒక గడి నొక్కితే 92 పైసలకు బీమా. చనిపోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా 10 లక్షలు. పాక్షిక వైకల్యానికి ఏడున్నర లక్షలు. ఆస్పత్రి ఖర్చులకు రెండు లక్షల దాకా. మృతదేహం తరలించడానికి పదివేలు. ఏసీ మొదటి తరగతి వాడికీ స్లీపర్ వాడికీ ఒకే మొత్తం. ఈ విషయంలో 1849 నాటి లండన్ కంపెనీ కన్నా ఇది మేలు. పెద్దనోట్ల రద్దు తర్వాత ఆన్‌లైన్ చెల్లింపులను ప్రోత్సహించడానికి 2016 డిసెంబరు నుంచి 2018 ఆగస్టు చివరిదాకా దీన్ని ఉచితంగా ఇచ్చారు. తర్వాత మళ్లీ ప్రీమియం పెట్టారు. ఇప్పుడు 45 పైసలు.

ఆ ఉచిత కాలంలోనే, 2017 జనవరి 21 రాత్రి, జగదల్‌పూర్-భువనేశ్వర్ హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ రాయగడకు కూతవేటు దూరంలోని కూనేరు దగ్గర పట్టాలు తప్పింది. సుమారు 40 మంది పోయారు. ఒకే బండిలో, ఒకే రాత్రి, ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకున్నవాడికి పైసా కట్టకుండా పది లక్షల పూచీ ఉంది; జనరల్ పెట్టెలో ఉన్నవాడికి డబ్బిస్తానన్నా లేదు. బీమా సొమ్ము ప్రభుత్వం తరఫున పెట్టుకున్న రోజుల్లో కూడా పేదవాడి పెట్టెను వదిలేశారంటే, అడ్డం డబ్బు కాదన్నమాట.

మరి అడ్డమేమిటి? జనరల్ టికెట్ మీద పేరు ఉండదు, ఎవరు ఏ బండి ఎక్కారో తెలియదు అన్నది సాధారణంగా వినిపించే సమాధానం. ఇది సగమే నిజం. రైల్వే చట్టమే దీనికి జవాబు చెబుతోంది. అది అర్థం కావాలంటే ప్రమాదం తర్వాత వచ్చే డబ్బు మూడు వేర్వేరు సంచుల్లోంచి వస్తుందని తెలియాలి. చాలామంది మూడింటినీ ఒకటే అనుకుంటారు.

ఒకటి ఎక్స్‌గ్రేషియా. ప్రభుత్వం దయతో ఇచ్చేది. 2023 జూన్ 2న బాలాసోర్ దగ్గర కోరమండల్ ప్రమాదం తర్వాత చనిపోయినవారి కుటుంబాలకు రైల్వే 10 లక్షలు ఇచ్చింది. కంటకాపల్లికీ అంతే ప్రకటించింది. ఇది హక్కు కాదు, మొత్తం ప్రతిసారీ ఒకేలా ఉండాలని లేదు. రెండోది నష్టపరిహారం. 1989 రైల్వే చట్టంలోని 124వ సెక్షన్ ప్రకారం రైలు ప్రమాదానికి తప్పెవరిదన్న ప్రశ్న లేకుండా రైల్వే ఇవ్వాలి. 124ఎ సెక్షన్ కింద, నడుస్తున్న బండిలోంచి జారిపడి పోయినా వస్తుంది. 2017 జనవరి 1 నుంచి మరణానికి 8 లక్షలు. ఇది హక్కు. జనరల్ టికెట్ వాడికీ, ప్యాసింజర్ బండి వాడికీ వర్తిస్తుంది. కానీ ఎవరూ ఇంటికి తెచ్చివ్వరు. ఏడాదిలోపు రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టాలి. ఒడిశాలో ఆ బెంచీ భువనేశ్వర్‌లో ఉంది. కోరాపుట్ జిల్లా జయపురం నుంచి వాయిదాకు వెళ్లి రావడమంటే రానూ పోనూ రెండు రాత్రుల ప్రయాణం. మూడోది బీమా. ఇది ఒప్పందం. కొన్నవాడికే. పై రెండూ వచ్చినా దీనికి కోత పడదు.

రెండో సంచి దగ్గర పేరు సమస్యను కోర్టులు ఎప్పుడో దాటేశాయి. ప్రమాదంలో టికెట్ ఎక్కడో పడిపోతుంది, శవం జేబులో దొరకదు. 2018లో రీనా దేవి కేసులో సుప్రీంకోర్టు, టికెట్ దొరకలేదన్నంత మాత్రాన నిజమైన ప్రయాణికుడు కాడని అనడానికి వీల్లేదు, కుటుంబం అఫిడవిట్ ఇస్తే, కాదని చూపించాల్సింది రైల్వేనే అంది. పేరులేని టికెట్ కొన్నవాడికి 8 లక్షలు ఇవ్వడానికి దారి ఉన్నప్పుడు, పేరులేని టికెట్‌కు బీమా కుదరదనడం ఎలా? అసలు కారణం వేరు. ఐఆర్‌సీటీసీ అమ్మేది ఆన్‌లైన్ టికెట్, దాని వెంట వచ్చింది బీమా. కౌంటర్, జనరల్ టికెట్ దాని చేతిలో లేవు. అమ్మేవాడి హద్దే బీమా హద్దు అయింది.

ఆన్‌లైన్ టికెట్ తీసుకున్నవాళ్లకైనా నిశ్చింతేనా అంటే, సరిహద్దు ఊళ్లలో ఇంకో మెలిక ఉంది. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ బజార్లలో చాలామంది టికెట్ తీయించుకునేది నెట్ సెంటర్‌లో. మొబైల్ నంబరు సెంటర్ వాడిదైతే, ఈ-మెయిల్ కూడా అతనిదే. బీమా గడి నొక్కాడో లేదో అడిగేవాడుండడు. నొక్కినా, పాలసీ వివరాలు, నామినీ పేరు నింపమనే లింకు బీమా కంపెనీ నుంచి అతని ఫోనుకే పోతాయి. రోజుకు పదుల టికెట్లు తీసేవాడు అవి చూడడు. నామినీ నింపకపోతే బీమా పోదు, కానీ చట్టబద్ధ వారసులెవరో కాగితాలతో నిరూపించుకోవాలి.

ఆ కాగితాలే ఇక్కడ పెద్ద తలనొప్పి. ప్రమాదం ఆంధ్రాలో జరిగితే ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం తెలుగులో. వారసత్వ పత్రం ఒడిశా తహసీల్దారు ఆఫీసు నుంచి ఒడియాలో. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటున్న కుటుంబానికి ఆధార్‌లో అది వెనక పడుతుంది, రేషన్ కార్డులో అసలు ఉండదు. తండ్రి పేరు ఒడియా నుంచి ఇంగ్లీషులోకి ఒక రకంగా, తెలుగు నుంచి ఇంకో రకంగా దిగుతుంది. మూడు కాగితాల్లో మూడు స్పెల్లింగులున్న మనిషి ఒక్కడేనని నమ్మించడానికి పట్టే కాలం, టెన్షన్ ఆ ఇంటివాళ్లకే తెలుసు.

రోడ్డు మీద పరిస్థితి ఇంకా వింతగా ఉంటుంది. బస్సెక్కినవాడు తన బీమా గురించి ఆలోచించక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం బస్సు యజమాని తప్పనిసరిగా తీసుకునే పాలసీలోనే ప్రయాణికులు వస్తారు. యాప్‌లో బస్సు టికెట్‌తో అమ్మే అయిదూ పది రూపాయల బీమా దానికి అదనం. కానీ గజపతి, కోరాపుట్ కొండల్లో సంతకు, పెళ్లికి, జాతరకు వెళ్లేది బస్సులో కాదు. పికప్ వ్యాన్‌లో, ట్రాక్టరు తొట్టిలో. సరుకు బండిలో ఎక్కిన ప్రయాణికుడికి బండి బీమా వర్తించదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. సుంకి ఘాట్‌లో పెళ్లివాళ్ల వ్యాన్ లోయలో పడితే కంపెనీ చేతులు దులుపుకోవచ్చు. భారం బండి యజమాని మీద పడుతుంది, అతని దగ్గర ఉండేది ఆ నుజ్జయిన వ్యానే. ఒక్క వెసులుబాటుంది. 1994 సవరణ తర్వాత, బండిలో తన సరుకుతో వెళ్తున్న యజమానికి, అతని తరఫు మనిషికి రక్షణ ఉంటుంది. అందుకే ఇలాంటి కేసుల్లో వాదనంతా మూట చుట్టూ తిరుగుతుంది: చింతపండు బుట్టతో సంతకు వెళ్తున్నవాడు సరుకు యజమానా, లేక మూట చేతిలో ఉన్న ప్రయాణికుడా? బస్సు రాని ఊరివాడికి చట్టం వేసే ప్రశ్న ఇది.

దేశం దాటి వెళ్లేవాళ్ల విషయంలో మాత్రం బీమా వెంటపడి మరీ అతుక్కుంటుంది. ఐరోపాలోని షెంగెన్ దేశాలు 2004 జూన్ 1 నుంచి 30,000 యూరోల వైద్య బీమా లేనిదే వీసా ఇవ్వవు. కారణం ప్రయాణికుడి మీద ప్రేమ కాదు, అతని ఆస్పత్రి బిల్లు తమ మీద పడకూడదని. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు ఆ షరతు లేదు, భయమే షరతు. వాళ్లు కొనే పాలసీలో ఒక్క వాక్యం మీద అంతా నిలబడి ఉంటుంది: ముందునుంచీ ఉన్న జబ్బు. అరవై దాటిన మనిషికి బీపీ, షుగరు లేకుండా ఉండటమే అరుదు. అక్కడ గుండెపోటు వస్తే, అది పాత బీపీ వల్లే అని కంపెనీ అనగలిగితే పాలసీ చేతిలో ఉండీ లేనట్టే. కొనేటప్పుడు ప్రీమియం తగ్గుతుందని జబ్బు దాచడం, క్లెయిమ్ రోజున దాన్నే వాళ్ల చేతికి ఆయుధంగా ఇవ్వడం.

గల్ఫ్‌కు కూలికి వెళ్లేవాడికి దారి వేరు. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాల్సిన పాస్‌పోర్టుతో వెళ్లేవారికి 2003 నుంచి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. 2017లో మార్చిన ప్రకారం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పన్ను అదనం. ప్రమాద మరణానికి 10 లక్షలు. ఇది బాగా ఆలోచించి చేసిన పథకం. కొనకపోతే క్లియరెన్స్ రాదు కాబట్టి మరిచిపోయే ప్రశ్న లేదు. కానీ విజిట్ వీసా మీద ఏజెంటు దొంగదారిన పంపినవాడు ఆ గుమ్మం తొక్కడు, ఆ బీమా అతనికి అంటదు.

దుబాయ్ వెళ్లే తాపీ మేస్త్రీకి ఉన్న ఈ ఏర్పాటు, సూరత్ మరమగ్గాల మీదికి వెళ్లే గంజాం కుర్రాడికి లేదు. అతను ఒకటిన్నర రోజులు జనరల్ బోగీలో, తలుపు పక్కన కూర్చుని వెళ్తాడు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరు రానూపోనూ చార్జీలు, దారిలో గడిచిన రోజులకు కూలీ ఇవ్వాలని రాసింది. ప్రయాణాన్ని కూడా పనిలో భాగంగా చూసిన మంచి రాత అది. అయితే కాంట్రాక్టరు ద్వారా వెళ్లినట్టు కాగితం ఉంటేనే అది వర్తించేది. ఊరివాడు ఫోన్ చేసి రమ్మంటే వెళ్లేవాడికి కాంట్రాక్టరెవరు?

తుపాను రోజుల గురించి ఒక మాట, ఎందుకంటే గోపాలపురం తీరానికి అక్టోబరు వస్తే గుండెదడ మామూలే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ అక్కడే తీరం దాటింది, 2018లో తిత్లీ పలాస దగ్గర. ట్రిప్పు రద్దయితే డబ్బిచ్చే పాలసీలు ఇప్పుడు దొరుకుతున్నాయి. కానీ తుపానుకు పేరు పెట్టి, హెచ్చరిక వచ్చాక కొన్న పాలసీ ఆ తుపానుకు పనికిరాదు. తెలిసిన ప్రమాదానికి బీమా ఉండదన్నది మొదటి సూత్రం. రైలే రద్దయితే రైల్వే పూర్తి చార్జీ వెనక్కి ఇస్తుంది, దానికి ఏ పాలసీ అక్కర్లేదు.

టికెట్‌నూ వీసానూ కాంట్రాక్టరునూ అంటిపెట్టుకోకుండా మనిషిని పట్టుకుని ఉండే బీమా ఒకటి మాత్రం ఈ జిల్లాల్లో బ్యాంకు ఖాతా ఉన్న ప్రతివాడికీ అందుబాటులో ఉంది. 2015లో మొదలైన ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకు. ఏడాదికి అప్పట్లో 12 రూపాయలు, 2022 జూన్ నుంచి 20. ప్రమాదంలో చనిపోతే, పూర్తిగా వైకల్యం వస్తే రెండు లక్షలు. ప్యాసింజర్ బండైనా, పికప్ వ్యానైనా, సూరత్ దారిలో జనరల్ బోగీ అయినా తేడా లేదు. రెండు లక్షలు తక్కువే. పది లక్షలకు సాటిరాదు. పైగా దీని బలహీనత దీని సులువులోనే ఉంది. ఒకసారి సంతకం పెడితే ఏటా మే నెలాఖరులో ఖాతాలోంచి 20 రూపాయలు వాటంతట అవే పోతాయి. ఆ రోజు ఖాతాలో 20 రూపాయలు లేకపోతే, జూన్ 1 నుంచి బీమా లేదు. వలస వెళ్లినవాడు ఊళ్లో తెరిచిన జన్‌ధన్ ఖాతా ఖాళీగా ఉండి, కూలి డబ్బు సూరత్‌లో తెరిచిన వేరే ఖాతాలో పడుతుంటే, బీమా రద్దయిన సంగతి అతనికీ తెలియదు, ఇంట్లోవాళ్లకీ తెలియదు. ఉన్న ఖాతాల్లో దేనికి ఈ బీమా కట్టి ఉందో పాస్‌బుక్‌లో మే, జూన్ నెలల పద్దులు చూస్తే కనిపిస్తుంది. ప్రమాదం జరిగితే క్లెయిమ్ కాగితాలు ఇవ్వాల్సింది కూడా ఆ ఖాతా ఉన్న బ్యాంకు బ్రాంచిలోనే, నెల తిరక్కుండా.